ట్వైలా ఏ రాష్ట్రం మనిషి?

కార్వర్స్ ల్యాండింగ్, వెస్ట్ వర్జీనియా
9 ఫిబ్రవరి 1999

ప్రియమైన ట్వైలా,

నువ్వు మీ అక్క దగ్గరికి వెళ్ళిన దగ్గర్నుంచి ఇంట్లో నన్ను తిట్టేవాళ్ళు లేరు. ఉన్నా నాకు వినపడదనుకో. గాజు ఫ్యాక్టరీలో సీసాల మిషన్ల పక్కన ముప్పై ఏళ్ళు నిలబడ్డ చెవులకి ఫోనెందుకు? నిన్న మీ అక్క ఇమోజీన్ న్యూయార్క్ నుంచి ఫోన్ చేసి ఏదో అరిచింది. పక్కింటివాళ్ళకి అర్థమైందట గానీ నాకు కాలేదు. అందుకే ఈ ఉత్తరం. సైన్యంలో ఉన్నప్పుడు నీకు రాసేవాణ్ణి, మళ్ళీ ఇప్పుడే పెన్ను పట్టాను. అప్పుడు సగం కోతలు కోసేవాణ్ణి. ఇప్పుడు అంత ఓపిక లేదు.

చార్ల్స్‌టన్‌లో ఇన్సూరెన్స్ సంగతులు చూసే మన రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. రాసినాయన మర్యాదస్తుడు. నాలాంటి మొద్దుకి కూడా అర్థమయ్యేలా రాశాడు. అర్థమవకపోయినా బాగుండేది.

వాషింగ్టన్ వాళ్ళు దేశమంతటికీ చేసిన ఫెడరల్ చట్టం ఒకటుందట ట్వైలా. ఉద్యోగంతో పాటు ఇన్సూరెన్స్ కూడా పోయినవాళ్ళకి ఈ రాష్ట్రంలో పాలసీలు అమ్మే ప్రతి కంపెనీ పాలసీ ఇచ్చి తీరాలి. నీలా లూపస్ జబ్బు ఉన్నా, అది కిడ్నీల్లోకి పాకినా, కాదనడానికి వీల్లేదు. కాకపోతే షరతులున్నాయి. మధ్యలో అరవై మూడు రోజులకి మించి ఖాళీ పోకూడదు. ఇంకోటి, ఆఖరున చేతిలో ఉన్న ఇన్సూరెన్స్ ఉద్యోగం వల్ల వచ్చిందే అయ్యుండాలి. మనం మొదటిదాని కోసం పరిగెత్తి రెండోదాన్ని తొక్కేశాం.

ఫ్యాక్టరీ మూసిన వారం యూనియన్ హాల్లో జరిగింది నీకూ గుర్తుండే ఉంటుంది. "అరవై మూడు రోజులు దాటనిచ్చారో, చచ్చారే" అని ఒకటే గోల. ఆ ఇన్సూరెన్స్ ఏజెంటు డోనట్ల పెట్టె పట్టుకొచ్చి బల్ల వేసుకుని కూర్చున్నాడు. మూణ్ణెల్ల పాలసీ, ఎవరికైనా ఇస్తాడు, పాత జబ్బుకి మాత్రం సెంటు రాదు. తెలిసే కొన్నాం, ఖాళీ ఉండకూడదని. "డెల్బర్ట్, కాస్త ఆగు, కనుక్కుందాం" అన్నావు నువ్వు. "మనం ఆగితే రోజులు ఆగుతాయా" అన్నాను నేను. హాల్లో సగం మంది క్యూ కట్టారు. అందులో మొదటివాణ్ణి నేనే.

ఇప్పుడు మన ఆఖరి ఇన్సూరెన్స్ ఆ మూణ్ణెల్ల ముక్క. ఉద్యోగం వల్ల వచ్చింది కాదు. కాబట్టి వాషింగ్టన్ ఇచ్చిన హక్కు పోయింది. ఆ హక్కు లేనివాళ్ళని ఏం చెయ్యాలో మన రాష్ట్రం ఏ చట్టమూ చెయ్యలేదు. కంపెనీలు జబ్బుల సంగతి అడుగుతాయి, లూపస్ అన్న మాట కనబడగానే కాదంటాయి. అది ఇక్కడ నేరం కాదు. "నియమం వాషింగ్టన్‌ది, అమలు మాది, అర్హత ఎవరికన్నది మార్చే అధికారం మాకు లేదు. చింతిస్తున్నాం" అని ముగించాడు. నిజంగానే చింతించినట్టున్నాడు.

అంటే నువ్వు అక్కడికి వెళ్ళడమే మంచిదైంది. ఆ సలహా ఇమోజీన్‌దని గుర్తుంది. ఆవిడతో మాత్రం అనకు, జన్మంతా దెప్పుతుంది.

చేసిందంతా చేసి కూర్చున్న
నీ డెల్బర్ట్

~

జేమ్స్‌టౌన్, న్యూయార్క్
24 ఫిబ్రవరి

నా చెవిటి మేళానికి,

నీ ఉత్తరం అక్కకి చూపించలేదు. ఆవిడే నా భుజం మీంచి చదివేసింది. దెప్పడం మొదలైంది, కాస్కో.

ముందు మంచి కబురు. పాలసీ వచ్చింది. మళ్ళీ రాస్తున్నా, వచ్చింది. నేను అక్కతో కలిసి వెళ్ళి, మందుల సంచీ, డాక్టర్ల కాగితాలు అన్నీ ఒళ్ళో పెట్టుకుని ఆ ఇన్సూరెన్స్ కంపెనీ కౌంటరు ముందు కూర్చున్నాను. అవతల ఒక చిన్న పిల్ల, జలుబుతో ముక్కు తుడుచుకుంటోంది. ఏ ఊరు, ఏ వీధి అని అడిగింది. నేనే ఉండబట్టలేక "నా జబ్బు గురించి అడగవేంటమ్మా?" అన్నాను.

"ఈ రాష్ట్రంలో అడగకూడదండీ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ మీకూ ఒకటే పాలసీ, ఒకటే ధర" అంది.

"మరి మా దగ్గర అడుగుతారే?"

"వాషింగ్టన్ వేసింది నేల మాత్రమేనండీ. దాని మీద గోడలూ కప్పూ ఎవరి రాష్ట్రం వాళ్ళు కట్టుకోవాలి. మావాళ్ళు కట్టారు."

మనవాళ్ళు ఆకాశం చూపించారు అనుకున్నాను గానీ పైకి అనలేదు. ఎంత తిట్టుకున్నా సొంత రాష్ట్రం కదా, పరాయి వాళ్ళ ముందు నోరు రాలేదు.

ఇంకో విచిత్రం విను. పాత జబ్బుకి ఏడాది ఆగాలన్న నిబంధన ఇక్కడా ఉంది. అయితే ముందున్న ఇన్సూరెన్స్‌కి, దీనికి మధ్య ఎక్కువ ఖాళీ లేకపోతే ఆగక్కర్లేదు. ఆ పిల్ల నీ మూణ్ణెల్ల ముక్క తీసి చూసి, "ఇది ఉంది కదండీ, సరిపోతుంది" అంది. అక్కడ నా తలుపు మూసిందీ అదే, ఇక్కడ తీసిందీ అదే. నవ్వాలో ఏడవాలో తెలియక కారులోకి వచ్చి రెండూ చేశాను.

అసలు కష్టం మాత్రం వేరే చోట వచ్చింది. "ఇక్కడే ఉంటారా, చూసిపోదామని వచ్చారా?" అని అడిగింది. చూసిపోదామని వచ్చినవాళ్ళకి ఇవ్వరట. ఇక్కడే ఉంటానని చెప్పాలి, నిజంగా ఉండాలి కూడా. ఒళ్ళో మందుల సంచీ ముడి విప్పి మళ్ళీ వేశాను డెల్బర్ట్. అక్క నా మోచేతిని పొడిచింది. "ఉంటాను" అన్నాను. డ్రైవింగ్ లైసెన్సు కూడా మార్చుకున్నాను. పాతదాని మూల కత్తిరించి ఇచ్చారు. మన ఊరి అడ్రసు ఉన్న కార్డు అది.

వచ్చే వారం నుంచి నెలకోసారి సెలైన్‌తో మందెక్కిస్తారు. కిడ్నీలు నిలబడే అవకాశం బాగానే ఉందన్నాడు డాక్టరు. హాల్లో మొదటివాణ్ణి నేనేనని ఇంకెప్పుడూ రాయకు. నన్ను కాపాడాలనే కదా పరిగెత్తావు.

న్యూయార్క్ మనిషి (నీకే ఇలా రాస్తున్నా, నమ్మకు),
ట్వైలా

~

కార్వర్స్ ల్యాండింగ్
18 ఏప్రిల్

ప్రియమైన న్యూయార్క్ దొరసానికి,

పని దొరికింది. హైవే పక్కన కొత్తగా కట్టిన గిడ్డంగిలో పెట్టెలు లారీలకెక్కించడం. పనివాళ్ళని పంపే ఏజెన్సీ ద్వారా తీసుకున్నారు, ఇంకా ఆ కంపెనీ మనిషిని కాను. కానీ బాగా చేసినవాళ్ళని పర్మనెంటు చేస్తారట. పర్మనెంటు అయితే ఇన్సూరెన్స్ వస్తుంది. ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్స్‌లో జబ్బు మనిషైనా సరే పెళ్ళాన్ని చేర్చుకోవాల్సిందే, నీకు ఇప్పుడు పాలసీ ఉంది కాబట్టి ఆగమని కూడా అనకూడదు. అది ఫెడరల్ చట్టం, ఏ రాష్ట్రంలోనైనా అంతే. చార్ల్స్‌టన్ ఆయనకి మళ్ళీ రాసి కనుక్కున్నాను. ఈసారి కనుక్కున్నాకే కదిలాను, చూశావా.

కాబట్టి నువ్వు ఇంటికొచ్చే దారి నా నడుం మీదుగా ఉంది. అక్కడ కుర్రాళ్ళు నన్ను తాతా అంటున్నారు. అననీ. వాళ్ళకంటే ఎక్కువ పెట్టెలు ఎత్తుతున్నాను.

శనివారం ఫైర్ స్టేషన్లో అడవి ఉల్లి విందు జరిగింది. బంగాళదుంపలు, పంది మాంసం, ఊరంతా కంపు. వడ్డించే ప్రతి ఆడమనిషీ నా దగ్గరికొచ్చి పెదాలు కదిపింది. వినపడకపోయినా తెలుసు, "ట్వైలా ఎప్పుడొస్తుంది?" అనే. అందరికీ "త్వరలో" అని చెప్పాను. ఇంటికొచ్చి ఒక్కణ్ణే కూర్చుని తిన్నదంతా కక్కుకున్నాను. ఉల్లి ఎక్కువైందో ఇంకేదైనానో.

ఒకటి అడుగుతాను. ఆ పాలసీని అలాగే ఇక్కడికి తెచ్చుకోవడం కుదరదా? డబ్బు కడుతున్నంత కాలం ఆపకూడదని చట్టం ఉందని గిడ్డంగిలో ఒకడు చీటీ రాసి చూపించాడు.

నీ తాత,
డెల్బర్ట్

~

జేమ్స్‌టౌన్
11 మే

ప్రియమైన తాతగారికి,

అడిగాను. ఆ జలుబు పిల్లే. చట్టం ఉన్న మాట నిజమే. కడుతున్నంత కాలం నాకు పాలసీ ఆపకూడదు, నా జబ్బు ఎంత ముదిరినా ఆపకూడదు. కానీ వాళ్ళు అమ్మే చోట నేను ఉన్నంత వరకే. ఊరు మారితే వాళ్ళ బాధ్యత తీరిపోతుంది. మన దగ్గరికొస్తే మళ్ళీ జబ్బుల ప్రశ్నలు, మళ్ళీ కాదనడం. "మధ్యలో ఉద్యోగం ఇన్సూరెన్స్ వస్తే తప్ప మీరు ఇక్కడి నుంచి కదలకూడదండీ" అంది. పాపం, చెప్తూ తనే బాధపడింది. ఈ ఏడాదంతా నాకు మంచివాళ్ళే తగులుతున్నారు డెల్బర్ట్. ఒక్క చెడ్డవాడు దొరికినా బాగుండు, కడుపారా తిట్టుకునేదాన్ని.

మొన్న క్లినిక్‌లో నా పక్కన ఒడెస్సా అనే ఆవిడ కూర్చుంది. నాకంటే చిన్నది. కిడ్నీలు రెండూ పోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆవిడకి అరవై అయిదేళ్ళు దాటినవాళ్ళకిచ్చే ఫెడరల్ కార్డుంది. కిడ్నీలు పూర్తిగా పోతే ఏ వయసులోనైనా ఇస్తారట. చలికాలం ఫ్లోరిడాలో చెల్లెలి దగ్గర ఉంటుంది, ఎండాకాలం ఇక్కడ. "ఏ ఊరెళ్ళినా నాకో కుర్చీ ఉంటుంది తల్లీ" అంది. ఎవరూ ఏ రాష్ట్రం మనిషివని అడగరట.

కిడ్నీలు పోయాక చూసుకునేందుకు వాషింగ్టన్‌కి చెయ్యి వస్తుంది. పోకుండా చూసుకోవాలంటే మాత్రం నేను నా మొగుణ్ణి వదిలి వేరే రాష్ట్రంలో కూర్చోవాలి. ఇది ఎవరు ఆలోచించి పెట్టారో వాళ్ళని ఒక్క రాత్రి ఈ గదిలో పడుకోబెట్టాలి.

ఈసారి రక్తపరీక్ష అంత బాగా రాలేదు. మందు మోతాదు పెంచారు. కంగారు పడకు.

ట్వైలా

~

కార్వర్స్ ల్యాండింగ్
15 జులై

ప్రియమైన ట్వైలా,

ఆ ఒడెస్సా పక్కన ఇక కూర్చోకు. కిడ్నీలు పోగొట్టుకున్న మనిషి ఊళ్ళు తిరుగుతున్నానని చెప్తే నువ్వు వింటూ కూర్చున్నావా? ఇంకో మూల కుర్చీలే లేవా?

ఈ నెల నాలుగో తేదీ స్వాతంత్ర్య దినం పండక్కి నేను అక్కడికి వచ్చినప్పుడు నీ మొహం ఉబ్బి ఉంది. "అక్క వంటలే" అన్నావు. మీ అక్క వంట నేను తిన్నాను, దాంతో ఎవరూ లావెక్కరు. నీ కాళ్ళు కూడా చూశాను. బయల్దేరేటప్పుడు ట్రక్కు అద్దంలో చూస్తే నువ్వు ఇంకా గేటు పట్టుకునే నిలబడి ఉన్నావు. మలుపు తిరిగాక బండి పక్కకి ఆపాల్సొచ్చింది. కళ్ళు కనబడలేదు.

నిజం రాయి. పరీక్షలు ఎలా ఉన్నాయి?

సెప్టెంబరు తర్వాత ఏజెన్సీ వాళ్ళలో కొందరిని పర్మనెంటు చేస్తామని సూపర్‌వైజరు అందరి ముందూ చెప్పాడట. నా భుజం కూడా తట్టాడు. చెవిటివాడి భుజం తడితే ఏదో మంచి మాటే అయ్యుంటుంది. ఇంకొక్క నాలుగు నెలలు ఓపిక పట్టు, నిన్ను నేనే వచ్చి తెచ్చుకుంటాను.

డెల్బర్ట్

~

జేమ్స్‌టౌన్
30 ఆగస్టు

ప్రియమైన డెల్బర్ట్,

బాగానే ఉన్నాను. ఆలస్యమైనందుకు కోప్పడకు. సోమ, బుధ, శుక్రవారాలు చర్చి పని ఒకటి ఒప్పుకున్నాను, ఇంటికొచ్చేసరికి ఒళ్ళు తెలియడం లేదు. నడుం జాగ్రత్త.

ట్వైలా

~

కార్వర్స్ ల్యాండింగ్
17 అక్టోబరు

ట్వైలా,

రెండు నెలల్లో నీ దగ్గర్నుంచి వచ్చింది ఆ నాలుగు ముక్కలు. నేను రాసినవాటికి జవాబు లేదు. మీ అక్కకి రాస్తే "చర్చికి వెళ్ళింది" అని ఒక కార్డు ముక్క. నువ్వెప్పటి నుంచి అంత భక్తురాలివయ్యావు? మన ఊళ్ళో ఆదివారం లేపడానికే నీళ్ళు చల్లాల్సొచ్చేది. అక్కడ చర్చిలో బాగా పాడే మగాడెవడైనా ఉన్నాడా? ఉంటే చెప్పు. వాడికి చెవులు వినపడతాయి, నీకు కబుర్లు చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఇది రాసి చింపేద్దామనుకున్నాను. ఉండనీ. ఈ ఇంట్లో ఒక్కడే ఉంటే ఇలాంటివే తోస్తాయి, తెలుసుకో.

పర్మనెంటు లేదు. ఎవరికీ లేదు. గిడ్డంగి కంపెనీ ఏజెన్సీతోనే మళ్ళీ కాంట్రాక్టు రాసుకుంది. మేమందరం ఏజెన్సీ మనుషులమే, ఏజెన్సీకి ఇన్సూరెన్స్ లేదు. ఇది ఎలా కుదురుతుందని చార్ల్స్‌టన్‌కి రాశాను. ఆయన పాపం ఓపికగా మళ్ళీ జవాబిచ్చాడు. యజమాని ఇన్సూరెన్స్ ఇస్తే జబ్బు మనిషిని కాదనకూడదు, అది చట్టం. అసలు ఇవ్వాలని మాత్రం ఏ చట్టమూ లేదు, వాషింగ్టన్‌లోనూ లేదు, ఇక్కడా లేదు. ఆ ముక్క నేను ఏప్రిల్లో అడగలేదు. అడగాలని తెలియలేదు.

ఆరు నెలలు పెట్టెలు మోశాను ట్వైలా. ప్రతి పెట్టెకీ నువ్వు ఒక అడుగు ఇటు వేస్తున్నావనుకున్నాను. పిచ్చివాణ్ణి.

నేనే అక్కడికి వచ్చేద్దామని ఆలోచించాను. ఆ ఊళ్ళో చెవిటి ముసలాడికి పనెవరిస్తారు? పని లేకపోతే నీ పాలసీకి కట్టేదెవరు? కాబట్టి ఇలాగే ఉందాం. నువ్వక్కడ, నేనిక్కడ. వీలైనప్పుడు వస్తాను. పాడేవాడు ఉన్నా ఫర్వాలేదు, నన్ను మర్చిపోయినా ఫర్వాలేదు. మందు మాత్రం ఒక్క నెల కూడా మానకు. నీ కిడ్నీలు నిలబడితే చాలు, నాకింకేం వద్దు. ఇదంతా మనం చేసింది వాటి కోసమే.

డెల్బర్ట్

~

జేమ్స్‌టౌన్
2 నవంబరు

నా ప్రియమైన డెల్బర్ట్,

కూర్చుని చదువు. స్టవ్ మీద ఏదైనా ఉంటే దించి రా.

పాడేవాడు ఎవడూ లేడు. చర్చి పనీ లేదు. సోమ, బుధ, శుక్రవారాలు నేను వెళ్తున్నది డయాలసిస్‌కి. ఆగస్టు మొదటి వారంలో మొదలుపెట్టారు. రెండూ పోయాయి డెల్బర్ట్. నువ్వు జులైలో చూసిన వాపు అదే. మందు ఒక్క నెల కూడా మానలేదు, ఒట్టు. సెలైన్ ఎక్కిన ప్రతిసారీ వాంతులు చేసుకుంటూ కూడా వెళ్ళాను. డాక్టరు చెయ్యాల్సిందంతా చేశాడు. కొందరికి నిలబడవట, అంతే. ఇక్కడికి రాకపోతే ఇంకా ముందే పోయేవన్నాడు. ఆ మాట నీకు ఓదార్పుగా ఉంటే తీసుకో, నాకు లేకపోయింది.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్వు పని వదిలేసి వచ్చేస్తావు. ఒడెస్సాకున్న ఆ ఫెడరల్ కార్డు మొదటి రోజు నుంచే రాదు, మూడు నెలలు ఆగాలి. ఈ మధ్యలో డయాలసిస్ ఖర్చంతా ఈ పాలసీ మీదే నడవాలి. నీ జీతం ఆగితే పాలసీ ఆగుతుంది, పాలసీ ఆగితే నేనాగుతాను. అందుకే అక్క చేత కూడా అబద్ధమాడించాను. ఆవిడ కార్డు రాసి పోస్టు చేసొచ్చి, వంటగదిలో తలుపేసుకుని ఏడ్చింది. ఆవిణ్ణి ఏమీ అనకు.

ఇంకొక సంగతి ఉంది. అక్కకి కూడా చెప్పలేదు. నీకు చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

కిడ్నీలు పోయిన రోజు ఆస్పత్రిలో డాక్టరు నా మంచం మీద కూర్చున్నాడు. కళ్ళు దించుకుని, "ట్వైలా, ఇక లాభం లేదు, రెండూ పనిచెయ్యడం మానేశాయి" అన్నాడు. నాకు మొట్టమొదట ఏం తోచిందో తెలుసా? ఇక ఇంటికెళ్ళొచ్చు అని. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది. ముందొచ్చింది సంతోషం. నా ఒంట్లో రెండు అవయవాలు చచ్చిపోయాయని చెప్తుంటే నాకు మన వీధి, మన వసారా కనబడ్డాయి. ఆయన నేను షాక్‌లో ఉన్నాననుకుని చెయ్యి పట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది. వాటిని నిలబెట్టడానికి నువ్వు అక్కడ నడుం విరగ్గొట్టుకుంటుంటే, అవి పోయినందుకు నేనిక్కడ సంబరపడ్డాను. నన్ను ఏమనుకుంటావో అనుకో. ఎలాంటి మనిషిని చేశారో చూడు నన్ను.

నీ అక్టోబరు ఉత్తరం వచ్చింది. నా కిడ్నీలు నిలబడితే చాలన్నావు. అది చదివాక కలం పట్టడానికి ఇన్ని రోజులు పట్టింది.

నిన్న, ఒకటో తేదీ నుంచి, నాకు కార్డు చెల్లుతోంది. మన ఊరి దగ్గర వీలింగ్‌లో ఉన్న డయాలసిస్ సెంటరుకి ఫోన్ చేశాను. ఎత్తినామె ఏ రాష్ట్రమని అడగలేదు, ఇదివరకు ఏ ఇన్సూరెన్స్ ఉండేదని అడగలేదు, ఎన్ని రోజులు ఖాళీ పోయిందని అడగలేదు. పేరు అడిగింది, బరువు అడిగింది, పొద్దున్న వస్తారా మధ్యాహ్నం వస్తారా అని అడిగింది. ఈ ఏడాదిలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అంత తేలికైనవి లేవు. జవాబు చెప్పలేక ఫోను అక్కకిచ్చేశాను.

శనివారం ట్రక్కు తీసుకురా. మెల్లగా నడుపు, దారిలో మంచు పడుతోందంటున్నారు. దుప్పటి ఒకటి వెయ్యి, నాకిప్పుడు చలి ఎక్కువ. నా మెడ దగ్గర డయాలసిస్ గొట్టం చూసి భయపడకు, సూదులు గుచ్చడానికి వీలుగా చేతికి చేసిన ఆపరేషన్ మానాక తీసేస్తారు.

సోమవారం ఉదయం ఆరింటికి వీలింగ్‌లో నాకు కుర్చీ ఉంది.

ఇంటికొస్తున్న
ట్వైలా